వదులు అనేదాకా

క్లచ్ అరిగిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, బండిని నాలుగో గేర్లో పెట్టి, క్లచ్ మెల్లగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. అరిగిపోయిందంటే ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంటుంది. దానికి తోడు కాస్త ముక్కు పనిచెయ్యాలి. కాలిన క్లచ్ వాసన ఒకసారి పట్టిందంటే రెండు రోజులు తిండిలో కూడా అదే వాసన. పంతొమ్మిదేళ్ళుగా దాన్ని పీలుస్తున్నాను కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మొచ్చు.

మా షెడ్డు ఒక పెద్ద భవనం అడుగున, నేలమాళిగలో ఉంది. రోడ్డు మీంచి వాలుగా దిగి రావాలి. కిటికీలు లేవు. పగలైనా రాత్రైనా మాకు ట్యూబులైటే సూర్యుడు. కారు కింద నిలబడి పని చేసుకోవడానికి మధ్యలో ఒక గుంత తవ్వించాం. అక్కడ పనిచేసేది ఇద్దరమే, నేనూ, నా బావమరిదీ. నా భార్యకి తమ్ముడు. చేతిలో పనితనం ఉంది, కాకపోతే వాడి నోటికి బ్రేకుల్లేవు. మా మామగారు పిల్లనిచ్చి, తోడుగా వీణ్ణి కూడా అంటగట్టారని నేను ఎగతాళి చేస్తుంటాను. వాడూ నవ్వేస్తాడు.

శనివారం మధ్యాహ్నం ఆ స్పోర్ట్స్ కారు వచ్చింది. ఎర్రది, రెండే సీట్లు, బొజ్జ నేలకి ఆనుతుందా అన్నంత కిందికి ఉంది. దిగినాయన మాత్రం ఆ కారుకి అస్సలు నప్పలేదు. యాభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, కొద్దిగా కుంటుతున్నారు. డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నానని చెప్పారు. ఆ మాటతో మాకు మాస్టారు అయిపోయారు.

"క్లచ్ జారుతోందండీ. ఏడు నెలల్లో ఇది మూడో క్లచ్," అన్నారు.

నాలుగో గేరు పరీక్ష పెట్టాను. ఇంజను నన్ను చూసి నవ్వినట్టు తిరుగుతూనే ఉంది. బయట ఒక చుట్టు తిప్పి చూశాను. ఎక్సలేటర్ నొక్కితే ఇంజను అరుస్తోంది, కారు కదలట్లేదు. ఇంకొకటి గమనించాను. క్లచ్ పెడల్ పక్కనున్న బ్రేకు కంటే రెండు వేళ్ళ కిందికి ఉంది. పైపులో గాలి చేరి ఉంటుందిలే అనుకున్నాను. మెకానిక్కుకి ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుంది.

నాది దురుసు నోరు. తిరిగొచ్చి మొహం మీదే చెప్పేశాను. "ఏమనుకోకండి మాస్టారూ. తప్పు క్లచ్‌ది కాదు. మీరు ఎడమ కాలు పెడల్ మీదే పెట్టుకుని నడుపుతున్నారు."

ఆయనకి కోపం రాలేదు. "ఇరవై ఆరేళ్ళుగా అందరికీ నేను చెప్పే మొదటి పాఠమే అదండీ, క్లచ్ మీద కాలు ఉంచొద్దని," అన్నారు.

"మరి ఇంట్లో ఇంకెవరైనా నడుపుతారా?"

ఆయన కారు వైపు చూశారు. నా వైపు చూడలేదు. "రేపు సాయంత్రానికి అవుతుందా?" అన్నారు.

అవుతుందన్నాను. వాలు సగం ఎక్కి మళ్ళీ దిగొచ్చారు. "పాత ప్లేటు పారెయ్యకండి. అది నాకు కావాలి."

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. పై దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. వాన. వాలు మీంచి నీళ్ళు సన్నగా జారి మా కాలవలో పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. గేర్ బాక్సు దింపేసరికి పదకొండయింది. లోపలి ప్లేటు చేతిలోకి తీసుకుని లైటు కిందికి తెచ్చాను. రాపిడి పొర అనేదే లేదు, రివెట్లు బయటపడి మెరుస్తున్నాయి. ఇనుము కాగి నీలం మచ్చలు పడింది. ఏడేళ్ళు టాక్సీ తిప్పినా అంత అరగదు. ఇది రెండు నెలల ప్లేటు.

"బావా, దీన్ని కాలు పెట్టుకుని నడపడం అనరు. కాలు పెట్టుకుని కాపురం చేయడం అంటారు," అన్నాడు బావమరిది.

నేను నవ్వలేదు. పెడల్ తొక్కినప్పుడు లోపల ఒక బేరింగు ముందుకొచ్చి స్ప్రింగు వేళ్ళని నొక్కుతుంది. ఆ వేళ్ళన్నీ వంగిపోయాయి. వాటి మీద బేరింగు అచ్చు లోతుగా దిగింది. కారు నడుస్తున్నప్పుడు పడే గీత గుండ్రంగా సాఫీగా ఉంటుంది. ఇది అలా లేదు. కదలకుండా ఒకేచోట, గంటలు కాదు, రోజుల తరబడి నొక్కిపెడితే పడే అచ్చు. అంటే కారు ఇంట్లో ఆగి ఉన్నప్పుడు, ఇంజను కూడా ఆపేసి ఉన్నప్పుడు, ఎవరో క్లచ్ తొక్కి పట్టుకునే ఉన్నారు.

"పెడల్ మీద బండరాయి పెట్టి పడుకుంటాడేమో ఈ మాస్టారు," అన్నాడు వాడు. ఆ మాటకి ఇద్దరం నవ్వాం. కానీ నా నవ్వు నాకే నచ్చలేదు.

కొత్త క్లచ్ వేశాం. గేర్ బాక్సు ఎక్కించి బోల్టులన్నీ బిగించేసరికి రెండున్నర దాటింది. మిగిలింది గాలి తీయడం. పెడల్‌కీ బేరింగుకీ మధ్య సన్నటి పైపులో నూనె ఉంటుంది. విప్పి బిగించినప్పుడు అందులోకి గాలి పోతుంది. ఆ గాలి తీయకపోతే పెడల్ మెత్తగా దిగిపోతుందే తప్ప పని జరగదు. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు కింద మర విప్పి గాలి వదలాలి. కిందివాడు "తొక్కు" అంటే పైవాడు తొక్కాలి. "పట్టుకో" అంటే పట్టుకోవాలి. "వదులు" అనేదాకా చచ్చినా కాలు తీయకూడదు. ముందే తీశాడంటే బయటికి పోయిన గాలి మళ్ళీ లోపలికొస్తుంది. మా పనిలో ఇంతకన్నా గట్టి నియమం లేదు.

నేను గుంతలోకి దిగాను. చేతిదీపం కారు అడుగున తగిలించుకున్నాను. మర దగ్గర లోపలిది కనపడే సన్నటి గొట్టం పెట్టి, దాని చివర సీసాలో ముంచాను. వాడు పైన సీట్లో కూర్చున్నాడు.

"తొక్కు."

"తొక్కా."

"పట్టుకో."

మర విప్పాను. నూనె, దాంతోపాటు బుడగలు. బిగించాను.

"వదులు."

"వదిలా బావా. ఆకలేస్తోంది బావా."

నాలుగైదు సార్లు అలా అయింది. పైన ఫోన్ మోగింది. వాడేదో గొణిగాడు. నేను గొట్టంలోకే చూస్తున్నాను. ఇంకా బుడగలు వస్తున్నాయి.

"తొక్కు," అన్నాను.

పెడల్ దిగింది. నూనె పైపు చివర బేరింగుని నెట్టే చిన్న సిలిండరు నా చేతి కింద కదిలింది. మర విప్పాను, నూనె వచ్చింది.

"వదులు. తొక్కు. పట్టుకో."

చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది. అంత బాగా, అంత నిదానంగా తొక్కడం వాడికి ఎప్పట్నుంచి వచ్చిందా అనుకున్నాను. సమాధానం మాత్రం ఇవ్వట్లేదు.

"నోట్లో ఏం పెట్టుకున్నావురా? పలకవేం?" అన్నాను.

పైన్నుంచి మాట రాలేదు. సీటు కిర్రుమంది. ఎవరో బరువు సర్దుకున్నట్టు.

అప్పుడే వినపడింది, దూరంగా, వాలు పైనుంచి... వాన చప్పుడులోంచి... నా బావమరిది గొంతు. "అక్కా, కింద సిగ్నల్ సరిగా లేదే, మాట తెగిపోతోందని పైకొచ్చా. గంటలో వచ్చేస్తాం. బావ కింద గుంతలో ఉన్నాడు."

నా చేతిలో స్పానర్ ఉంది. నా తలకి జానెడు ఎత్తులో కారు అడుగు. దాని మీద సీటు. సీట్లో...

పెడల్ ఇంకా తొక్కే ఉంది. సిలిండరు బిగదీసుకుని ఉంది. పట్టుకోమన్నాను కదా, పట్టుకుంది.

గుంత మెట్లు వెనక వైపు ఉన్నాయి. అక్కడికి వెళ్ళాలంటే కారు పొడవునా దాని కిందే నడవాలి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అది వదలట్లేదు. మనిషయితే ఇంతసేపటికి కాలు వణికేది. సిలిండరు దారంతైనా కదల్లేదు. నాకు ఒక్కటే అర్థమైంది, నేను మాట చెప్పేదాకా అది అలాగే ఉంటుంది.

"వదులు," అన్నాను. గుసగుసలా వచ్చింది.

పెడల్ మెల్లగా పైకి లేచింది.

మెట్లు ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు. సీటు ఖాళీగా ఉంది. తలుపు తెరిచే ఉంది. బావమరిది బిస్కెట్ పొట్లంతో వాలు దిగుతూ నా మొహం చూసి ఆగిపోయాడు. "ఏంటి బావా?" అన్నాడు. చెప్పాను. జోకు అనుకుంటాడేమో అనుకున్నాను. వాడు బిస్కెట్ పొట్లం బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, కారుకి దూరంగా గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే మాస్టారు వచ్చారు. గొడుగు ముడుస్తూ మా ఇద్దరి మొహాలూ చూశారు. ఎలా ఉంది పని అని అడగలేదు.

"తొక్కిందా?" అన్నారు.

ఆయన గొంతులో భయం లేదు. ఆశ ఉంది. అది భయం కంటే ఘోరంగా ఉంది.

స్టూలు వేస్తే కూర్చోలేదు. నిలబడే చెప్పారు. ఆయనకి ఒక్కతే కూతురు. పంతొమ్మిదేళ్ళు. స్పోర్ట్స్ కారంటే పిచ్చి. పాతది ఒకటి దొరికిందని తనకోసమే కొన్నారు. ఊరందరికీ నేర్పిన మనిషి, సొంత కూతురికి నేర్పకుండా ఉంటారా. మూడో రోజు పల్లం రోడ్డు మీద వేగం పెరిగిపోయింది.

"మా స్కూలు కార్లలో నా వైపు కూడా బ్రేకు ఉంటుందండీ. ఎవరు ఏ తప్పు చేసినా నేను ఆపేస్తాను. ఇందులో నా వైపు ఏముంది? ఉత్త నేల. ఆ నేలనే తొక్కాను. మడమ ఎముక చిట్లేదాకా తొక్కాను."

"నోటితో చెప్పారు కదా," అన్నాను.

"చెప్పాను. క్లచ్ అని అరిచాను." ఆయన కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చారు. "ముందు క్లచ్, తర్వాత బ్రేకు, నేను వదులు అనేదాకా కాలు తీయకు. ఇరవై ఆరేళ్ళ పాఠం, అదే నోట్లోంచి వచ్చింది. పల్లంలో క్లచ్ తొక్కితే ఏమవుతుందో మీకు తెలుసు. కారుకి ఇంజను పట్టు ఉండదు, జారిపోతుంది. బ్రేకు అనేలోపు ముందు లారీ ఉంది. అంతా అయిపోయాక చూశాను. పెడల్ అడుగు దాకా దిగే ఉంది. పైకి రాలేదు."

కారు బాగు చేయించాక కూడా పైకి రాలేదట. రెండు వేళ్ళ కిందే ఉంటుందట. మొదటి క్లచ్ రెండు నెలల్లో పోతే ఆయన ఇంటికెళ్ళి ఏడ్చారట, దుఃఖంతో కాదు.

"తను అక్కడే ఉంది. నేను వదులు అనలేదు కదా, అందుకని తొక్కే ఉంది. ఏడు నెలలు. కాలు నొప్పెట్టదాండీ పిల్లకి?" అన్నారు. "రోజూ రాత్రి పక్కన కూర్చుని చెబుతున్నాను, వదిలెయ్యమ్మా, వదిలెయ్యమ్మా అని. నా మాట వినట్లేదు. కోపం ఉంటుంది, ఉండదా మరి. మీ మాట వింది. మీరు వదులు అంటే వదిలింది. ఒక్కసారి కిందికి దిగండి. ఇక చాలని, ఇంటికి పొమ్మని మీరు చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగారు. పట్టుకుని లేపాను. నాకూ ఒక ఆడపిల్ల ఉందని, ఏడో తరగతి చదువుతోందని, ఎందుకో ఆయనకి చెప్పాను. ఆ తర్వాత దిగనని అనలేకపోయాను. బావమరిది తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "వద్దు బావా. అక్కకి నేనేం చెప్పాలి?" అని గొణిగాడు.

మాస్టారు కారు దగ్గరికెళ్ళి సీటు కింద మీట లాగి, సీటుని ముందుకి జరిపారు. ఆఖరి గాడి దాకా. స్టీరింగుకి తగిలేంత ముందుకి. చిన్నపిల్లకి పక్క సర్దినట్టు సీటు తుడిచి, ఆయన కూర్చోకుండా, తలుపు దగ్గరే నిలబడ్డారు.

నేను దిగాను. గుంతలో నూనె వాసన, తడి సిమెంటు వాసన. ఆ రెంటి అడుగున కాలిన క్లచ్ వాసన. కొత్త క్లచ్. ఇంకా ఇంజనే తిరగలేదు.

సిలిండరు మీద వేలు పెట్టాను.

"తొక్కు... అమ్మా," అన్నాను.

ఏం లేదు. కాలవలో నీళ్ళు.

వేలి కింద... కదిలింది. నిదానంగా, అడుగు దాకా.

పైన మాస్టారు ఏడవడం వినపడింది. "అదిగో. అదిగో నా తల్లి."

"వదులు," అన్నాను. గొంతు సవరించుకుని, వీలైనంత మెత్తగా చెప్పాను. "ఇక చాలమ్మా. నాన్నగారు చెప్పమన్నారు. పూర్తిగా వదిలెయ్. ఇక తొక్కక్కర్లేదు."

పెడల్ లేచింది. పూర్తిగా లేచింది. సిలిండరు వెనక్కి జారి ఆగింది. చేతిలోని స్పానర్ గట్టు మీద పెట్టాను. మాస్టారు ఏదో చెప్పబోయారు.

టక్.

నా తలకి పైన. ఇనుము మీద ఇనుము.

టక్... టక్...

సీటు గాడులు. ఒక్కొక్కటే వెనక్కి. టక్. టక్. లెక్క తప్పాను. ఆఖరి గాడి దాకా వెళ్ళి ఆగింది. సీటు కిర్రుమంది. ఈసారి బాగా బరువుగా. కారు వెనక స్ప్రింగులు కిందికి దిగడం చేతిదీపం వెలుగులో కళ్ళారా చూశాను.

అప్పుడు పెడల్ దిగింది. నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. ఒక్క తాపుతో అడుగుకి దిగి, అక్కడే ఉండిపోయింది.

"వదులు," అన్నాను. "వదులు... వదులు!"

వదల్లేదు.

పైకి పరిగెత్తాను. మోకాలు చీరుకుపోయినా తెలియలేదు. బావమరిది గోడకి అతుక్కుపోయాడు. మాస్టారు తలుపు పట్టుకుని లోపలికి చూస్తున్నారు. ఏడుపు ఆగిపోయింది. స్టీరింగుకీ ఆ సీటుకీ మధ్య అంత దూరం.

"మా అమ్మాయి పొట్టిది," అన్నారు. "అంత వెనక్కుంటే తనకి కాళ్ళందవు."

ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. రాలేదు.

"ఆ రోజు తను ఒక మాట అరిచింది," అన్నారు. చాలా నెమ్మదిగా అన్నారు, నాతో కాదు. "నాన్నా, క్లచ్ తొక్కుతోంది నేను కాదు అని. రెండుసార్లు అరిచింది. నోరు మూసుకుని చెప్పింది చెయ్యి అన్నాను. నేను తనతో అన్న ఆఖరి మాట అదే."

ట్యూబులైటు గీపెడుతోంది. పెడల్ కిందే ఉంది.

"కారు ఇక్కడే వదిలెయ్యండి మాస్టారూ," అన్నాను చివరికి. "రేపు పొద్దున్నే తుక్కుకిచ్చి ముక్కలు చేయిద్దాం. నేనే దగ్గరుండి చేయిస్తాను."

ఆయన నా వైపు తిరిగారు. అంత అలసిపోయిన మొహం నేనెక్కడా చూడలేదు. "రాత్రంతా మీ దగ్గర వద్దండీ. మీకూ ఆడపిల్ల ఉందన్నారు."

వద్దని నేను గట్టిగా అడ్డుపడాల్సింది. పడలేదు. ఆ కారు నా షెడ్డులోంచి పోతే చాలనిపించింది. అది నా పిరికితనం, ఇప్పటికీ సిగ్గుపడతాను. పాత ప్లేటు బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని అడగలేదు.

మాస్టారు కారెక్కారు. సీటుని ముందుకి జరుపుకోలేదు. వెనక్కి ఆనలేదు. నిండిన బస్సులో ఎవరో కూర్చున్న సీటు అంచున సర్దుకున్నట్టు, ముందంచు మీద కొద్దిగా ఆనుకుని కూర్చున్నారు. ఎడమ కాలు వెనక్కి లాగి సీటు కిందికి ముడుచుకున్నారు. తలుపు వేసుకున్నారు.

ఇంజను అందుకుంది. అద్దం సగం దించి ఉంది. లోపల్నుంచి ఆయన గొంతు వినపడింది, ఏడుపు గొంతు కాదు, స్కూల్లో పాఠం చెప్పే గొంతు.

"ఊ. క్లచ్."

మొదటి గేరు పడింది. కాస్త కూడా కర్రుమనలేదు. కారు వాలెక్కి వానలోకి మళ్ళింది. రోడ్డు మీద రెండో గేరు, మూడో గేరు, ఎంతో సాఫీగా పడుతుంటే కింద నిలబడి మేమిద్దరం విన్నాం.